ఆఫీసు పని మీద షికాగోకు: ఊరు చూడడానికీ, బయట భోజనానికీ సమగ్ర మార్గదర్శి

హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో ఆఫీసు పని మీద వారం రోజులకు అమెరికా వెళ్లేవారిలో చాలామంది విమానాశ్రయం, హోటల్ గది, సమావేశ మందిరం మాత్రమే చూసి తిరిగివస్తారు. ఆసక్తి లేక కాదు. సాయంత్రం ఆరయ్యేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, దారులు తెలియవు, మెనూలో ఏది తినవచ్చో ఏది తినకూడదో అర్థం కాదు, బిల్లు వచ్చాక టిప్పు ఎంత రాయాలో తేలదు. దాంతో ఫోన్‌లో బిర్యానీ తెప్పించుకుని గదిలోనే తినేస్తారు. ముందుగా కాస్త తెలుసుకుని వెళ్తే ఈ ఇబ్బందులన్నీ తీరేవే. ఇలాంటి సంగతులు ఒక ఊరిని పట్టుకుని చెబితేనే పనికివస్తాయి కాబట్టి, మనవాళ్లు పని మీద తరచుగా వెళ్లే షికాగోను తీసుకుంటున్నాను. నేను పాటించేదీ, ఇతరులకు చెప్పేదీ ఒకే పద్ధతి: ఒక సాయంత్రానికి ఒక రైలు మార్గం, ఆ మార్గంలో ఒక పేట, ఆ పేటలో ఒక భోజనం. ఒకే సాయంత్రం నాలుగు చోట్లకు పరుగులు పెడితే ఊరూ కనిపించదు, మర్నాడు సమావేశంలో కళ్లూ తెరుచుకోవు.

మొదటి అడుగు: బయలుదేరే ముందే తేల్చుకోవలసినవి

హోటల్ ఎక్కడ ఇస్తున్నారో ముందుగా చూసుకోండి. ఆఫీసు నగర మధ్యభాగమైన లూప్‌లో ఉంటే సమస్య లేదు. షాంబర్గ్, నేపర్‌విల్ వంటి శివారు పట్టణాల్లో ఉంటే మాత్రం కారు లేనిదే సాయంత్రాలు కదలవు. అటువంటప్పుడు శివారు పట్టణాలను నగరంతో కలిపే మెట్రా రైళ్ల వేళలు ముందే చూసి పెట్టుకోవాలి, లేదా కనీసం చివరి రెండు రాత్రులకైనా హోటల్‌ను నగరంలోకి మార్చమని ఆఫీసును అడగాలి. అడిగితే కాదనే సంస్థలు తక్కువే.

ఏ రోజు ఏమి తెరిచి ఉంటుందో కూడా చూసుకోవాలి. కుటుంబాలు నడుపుకునే చిన్న రెస్టారెంట్లు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి. వంటగదులు రాత్రి 9, 9:30కే కట్టేస్తారు, మన ఊళ్లలోలాగా పదింటికి తీరిగ్గా బయలుదేరితే తలుపులు వేసిన వీధులు కనిపిస్తాయి. పొద్దు సంగతి ఇంకా ముఖ్యం. జూన్‌లో రాత్రి 8:30 దాకా వెలుతురు ఉంటే, డిసెంబరులో సాయంత్రం 4:20కే సూర్యుడు అస్తమిస్తాడు. చలికాలంలో వెళ్తే ఊరు చూసే పని మధ్యాహ్న భోజన విరామంలోకో ఉదయానికో మారుతుంది.

ఖర్చుల నియమాలు చదివి వెళ్లండి. సంస్థ రోజుకు ఇంత అని భత్యం ఇస్తుందా, బిల్లులు చూపిస్తే తిరిగి చెల్లిస్తుందా అన్నది తెలియాలి. బిల్లులు చూపించవలసి వస్తే, కార్డు గీకినప్పుడు వచ్చే చిన్న చీటీ చాలదు. ఏ పదార్థానికి ఎంత అని వివరంగా ఉన్న బిల్లు విడిగా అడిగి తీసుకోవాలి, మద్యం ఉంటే దానికి వేరే బిల్లు వేయించుకోవాలి. ఈ రెండూ భోజనం ముగిశాక కాకుండా ఆర్డరు ఇచ్చేటప్పుడే చెబితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

రెండో అడుగు: దిగాక దారి పట్టడం

ఓహేర్ విమానాశ్రయం నుంచి లూప్‌కు బ్లూ లైన్ రైలు రాత్రింబవళ్లు నడుస్తుంది, దాదాపు ముప్పావు గంట పడుతుంది. టికెట్ కోసం వెతుక్కోనక్కర్లేదు. తాకితే పనిచేసే బ్యాంకు కార్డునుగానీ ఫోన్‌నుగానీ గేటు దగ్గర ఆనిస్తే సరిపోతుంది. ఓహేర్‌లో ఎక్కేవారికి మాత్రం మిగతా స్టేషన్ల కంటే ఛార్జీ ఎక్కువ. అయినా సాయంత్రపు ట్రాఫిక్‌లో టాక్సీలో కూర్చోవడం కన్నా రైలే నయం. రెండు పెద్ద పెట్టెలతో దిగినవారికీ, అర్ధరాత్రి దాటాక దిగినవారికీ టాక్సీ మేలు.

షికాగో వీధులు కొత్తవారికి ఎంతో అనుకూలంగా ఉంటాయి. 1909లో ఇంటి నంబర్లను కొత్తగా వేసినప్పుడు, స్టేట్ స్ట్రీట్, మాడిసన్ స్ట్రీట్ కలిసే కూడలిని సున్నాగా పెట్టుకుని నాలుగు దిక్కులకూ లెక్క కట్టారు. సాధారణంగా 800 సంఖ్యలకు ఒక మైలు. డివాన్ అవెన్యూ 6400 నార్త్ అని ఉంటే, ఆ కూడలికి ఉత్తరంగా 8 మైళ్ల దూరమని ఫోన్ తీయకుండానే తెలిసిపోతుంది. తూర్పున ఎప్పుడూ మిషిగన్ సరస్సే. ఈ రెండు గుర్తులు మనసులో పెట్టుకుంటే ఈ ఊళ్లో దారి తప్పడం కష్టం.

ఒక్కచోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. నది పక్కన సాగే వాకర్ డ్రైవ్ ఒకదాని కింద ఒకటిగా అంతస్తులున్న రోడ్డు. మీరు పై రోడ్డు మీద నిలబడి ఉంటే, పిలిచిన ఉబర్ కింది రోడ్డులో సరిగ్గా మీ కాళ్ల కింద ఆగుతుంది, మ్యాపులో రెండు చుక్కలూ కలిసే కనిపిస్తాయి, మనిషి మాత్రం దొరకడు. అందుకని వాకర్ మీద కారు పిలవకుండా, ఒక వీధి లోపలికి నడిచి అక్కడి నుంచి పిలవడం మంచిది.

మూడో అడుగు: మొదటి రెండు రోజులు నిద్ర లెక్కతోనే నడవాలి

భారతదేశం కంటే షికాగో వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మొదటి రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం ఏడింటికి కళ్లు మూతపడతాయి. దానితో పోరాడడం కన్నా దాన్ని వాడుకోవడమే తెలివి. సాయంత్రం ఐదున్నరకే భోజనానికి వెళ్లండి. వారం ముందు టేబుల్ బుక్ చేసుకోవలసిన చోట్ల కూడా ఆ వేళకు తరచుగా ఖాళీ ఉంటుంది. తెల్లవారాక, వెలుతురు వచ్చిన వెంటనే సరస్సు ఒడ్డుకు నడవండి. ఒడ్డు వెంబడి 18 మైళ్ల కాలిబాట ఉంది. సూర్యుడు నీటిలోంచి పైకి వస్తుంటే వెనక్కి తిరిగి చూడండి, ఎత్తైన భవనాల అద్దాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. సమావేశానికి ఇంకా రెండు గంటలు ఉండగానే నగరంలోకెల్లా అందమైన దృశ్యం చూసేసినట్టే.

ఆ నడకలోనే మిలీనియం పార్కులో అనీశ్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ చూడవచ్చు. ముంబైలో పుట్టిన ఈ శిల్పి చేసిన ఆ మెరిసే ఉక్కు గింజ కింద మధ్యాహ్నం జనం కిక్కిరిసి ఉంటారు. ఉదయం పూట తీరిగ్గా చూడవచ్చు.

నాలుగో అడుగు: ఏది తినము అన్నది స్పష్టంగా చెప్పడం

మన పాఠకుల్లో శాకాహారులు ఉన్నారు, మాంసం తిన్నా గొడ్డుమాంసం ముట్టనివారు ఉన్నారు, హలాల్ మాత్రమే తినేవారు ఉన్నారు. ఈ ముగ్గురికీ అమెరికా మెనూ మూడు రకాలుగా మోసం చేస్తుంది కాబట్టి దీన్ని వివరంగా చెప్పడం అవసరం. హలాల్ దొరికే వీధి సంగతి ఆరో అడుగులో వస్తుంది.

శాకాహారులు ముందుగా గమనించవలసింది, అక్కడి వెజిటేరియన్ వంటల్లో గుడ్డు ఉండవచ్చు. గుడ్డు, పాలు కూడా వద్దనుకుంటే వీగన్ అని అడగాలి. పేరు చూసి నమ్మలేని వంటకాలు ఇంకా ఉన్నాయి. కూరగాయల సూప్‌ను కోడి ఉడికించిన నీళ్లతో చేయవచ్చు. మెక్సికన్ హోటళ్లలో మెత్తగా మెదిపిన బీన్స్‌లో పందికొవ్వు, అన్నంలో కోడి రసం కలిసి ఉండవచ్చు. సీజర్ సలాడ్ మీది డ్రెస్సింగ్‌లో సాధారణంగా చిన్న చేపలు ఉంటాయి. థాయ్ కూరల్లో చేపల సాస్, చైనా హోటళ్లలో వేయించిన బీన్స్ మీద సన్నగా తరిగిన పందిమాంసం మామూలే. బంగాళాదుంప వేపుళ్లను గొడ్డు కొవ్వులో వేయించే చోట్లు కూడా ఉన్నాయి. అందుకని, ఇది శాకాహారమా అని ఒకే మాట అడిగి ఊరుకోకుండా, ఇందులో మాంసం ఉడికించిన నీళ్లు, పందికొవ్వు, చేపల సాస్ ఏమైనా ఉన్నాయా అని పేరు పేరునా అడగండి. వెయిటర్లు దీనికి విసుక్కోరు. తెలియకపోతే వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తారు.

గొడ్డుమాంసం తిననివారికి షికాగోలో ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. ఈ ఊరి పేరు మోసిన హాట్ డాగ్ గొడ్డుమాంసంతో చేసేదే. ఇటాలియన్ బీఫ్ సాండ్‌విచ్ సంగతి పేరులోనే ఉంది. పిజ్జా మీద పెప్పరోనీలో సాధారణంగా పందిమాంసం, గొడ్డుమాంసం రెండూ ఉంటాయి. ఆ సాండ్‌విచ్‌లలో నంజుకు వేసే జార్డినేరా మాత్రం తప్పక రుచి చూడవలసింది. పచ్చిమిరప, క్యారెట్, కాలీఫ్లవర్, సెలరీ ముక్కలను ఊరబెట్టి నూనెలో వేసిన ఈ పచ్చడిని విడిగా అడిగి పిజ్జా మీద వేసుకోవచ్చు, కారం లేక చప్పబడిన నాలుకకు ప్రాణం లేచివస్తుంది.

ఐదో అడుగు: ఊరి సొంత తిండితో మొదలుపెట్టడం

షికాగో అనగానే లోతైన పళ్లెంలో కాల్చే డీప్ డిష్ పిజ్జా గుర్తుకొస్తుంది. 1943లో ఒహాయో స్ట్రీట్ మీద తెరిచిన పిజ్జేరియా ఊనోతో ఇది మొదలైందని చెబుతారు. ఆ పిజ్జాను వరసలు తారుమారు చేసి పేరుస్తారు. పిండిని పళ్లెం గోడల దాకా ఎత్తి పరిచి, దాని మీద నేరుగా చీజ్ వేసి, ఆ పైన పాలకూరో పుట్టగొడుగులో మాంసమో పెట్టి, అన్నింటికీ మీద టమాటా గుజ్జు పోస్తారు. ఇంత మందపు పిజ్జా కాలడానికి అరగంట నుంచి ముప్పావు గంట దాకా పడుతుంది. చీజ్ పైన ఉంటే అంతసేపట్లో మాడిపోతుంది కాబట్టి టమాటా దానికి కప్పుగా పనిచేస్తుంది. వెళ్లి కూర్చుని ఆర్డరిస్తే గంట దాకా ఆకలితో చూడాలి. ఫోన్‌లో ముందే చెప్పి వెళ్లడం అలవాటు చేసుకోండి. ఒక్కరే అయితే అతి చిన్న సైజు చాలు, రెండు ముక్కలు తిన్నాక మూడోది తినడం కష్టం. స్థానికులు మామూలు రోజుల్లో తినేది పలచగా, కరకరలాడేలా కాల్చి చదరపు ముక్కలుగా కోసిన టావెర్న్ పిజ్జా. రెండు సాయంత్రాలుంటే రెండూ తినండి, ఒక్కటే ఉంటే నా ఓటు పలచటి దానికే.

ఆరో అడుగు: రెడ్ లైన్‌ను భోజనపు దారిగా వాడుకోవడం

ఈ మార్గదర్శిలో ఒక్క సంగతే గుర్తుంచుకునేటట్లయితే రెడ్ లైన్‌ను గుర్తుంచుకోండి. లూప్‌లో స్టేట్ స్ట్రీట్ కింద నడిచే ఈ రైలు ఎక్కితే, దిగిన స్టేషన్‌ను బట్టి దేశం మారుతుంది.

దక్షిణంగా వెళ్తే సెర్మాక్-చైనాటౌన్ వస్తుంది. ముందు నది ఒడ్డున ఉన్న పింగ్ టామ్ పార్కుకు నడిచి, పొద్దు వాలాక భోజనానికి రండి. చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంటల హోటళ్లలో కారానికి కొదవ ఉండదు, మిరియాల్లాంటి సిచువాన్ గింజలు నాలుకను తిమ్మిరెక్కిస్తాయి. సోయా పాలతో చేసిన పనీరులాంటి టోఫూతో వండే మాపో టోఫూ అడిగేటప్పుడు మాంసం లేకుండా అని చెప్పాలి. వెల్లుల్లి సాస్‌లో వంకాయ మనవాళ్లందరికీ నచ్చుతుంది.

ఉత్తరంగా వెళ్తే ఆర్గైల్ స్టేషన్ దగ్గర వియత్నాం హోటళ్లు వరుసగా ఉంటాయి. ఫో అనే నూడుల్స్ పులుసు సాధారణంగా గొడ్డు ఎముకలతో మరిగించినది. కోడితో చేసినదీ, కూరగాయలతో చేసినదీ విడిగా దొరుకుతాయి.

ఇంకా పైకి, గ్రాన్విల్ వైపు, బ్రాడ్‌వే వీధిలో ఇథియోపియా భోజనం ఉంటుంది. శాకాహారులకు షికాగోలో నేను మొదట చెప్పే భోజనం ఇదే. పెద్ద పళ్లెంలో మన పుల్లట్టులాంటి ఇంజెరా పరిచి, దాని మీద కుప్పలు కుప్పలుగా మసూర్ పప్పు కారంగా వండినది, పసుపు వేసిన బఠాణీ పప్పు, ఆకుకూర, క్యాబేజీ, శనగపిండి ముద్దకూర వడ్డిస్తారు. చెంచాలు ఉండవు. విడిగా ఇచ్చిన ఇంజెరా ముక్క తుంచి, కుడిచేత్తో కూర పట్టుకుని తినాలి. అడుగున పరిచినది కూరల రసం పీల్చుకుని ఉంటుంది, దాన్ని చివర తినడమే అసలు రుచి. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటిస్తూ మాంసం, పాలు ముట్టరు. అందువల్ల ఈ వంటలు ఎవరి కోసమో సర్దుబాటుగా చేసినవి కావు, వాళ్ల ఇళ్లలో తరతరాలుగా వండుకుంటున్నవి.

దాని తర్వాత లయోలా స్టేషన్. అక్కడ దిగి 155 నంబరు బస్సు ఎక్కితే డివాన్ అవెన్యూ. అమెరికాలో భారతీయ సరుకులు అమ్మే పటేల్ బ్రదర్స్ వారు మొదటి దుకాణం 1974లో తెరిచింది ఈ వీధిలోనే. దోసెలు, బిర్యానీ, హలాల్ కబాబులు, మిఠాయిలు, చీరల దుకాణాలు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. మన తిండికి ఒక సాయంత్రం కేటాయించడం తప్పేమీ కాదు, వారం మధ్యలో ఒక పూట పెరుగన్నం తింటే కడుపు కుదుటపడుతుంది. అయితే అది మొదటి సాయంత్రం కాకుండా మూడోదో నాలుగోదో అయితే మంచిది.

రెడ్ లైన్ కాక, పింక్ లైన్ మీద 18వ వీధి స్టేషన్‌లో దిగితే పిల్సెన్ అనే మెక్సికన్ పేట. గోడల నిండా చిత్రాలు, ప్రవేశ రుసుము లేని నేషనల్ మ్యూజియం ఆఫ్ మెక్సికన్ ఆర్ట్ ఉన్నాయి. మ్యూజియం సాయంత్రానికల్లా మూసేస్తారు కాబట్టి పని త్వరగా ముగిసిన రోజున వెళ్లాలి. నాగజెముడు రెబ్బలతో చేసిన నొపాలెస్ టాకోలు శాకాహారులు అడగదగినవి.

ఏడో అడుగు: కూర్చోవడం, బిల్లు కట్టడం

ఒంటరిగా వెళ్లినవారు బార్ కౌంటర్ దగ్గర సీటు అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అక్కడ మద్యం తాగాలన్న నియమం లేదు, పూర్తి భోజనం వడ్డిస్తారు, టేబుల్ దొరకని చోట కూడా అక్కడ చోటు దొరుకుతుంది. ఒంటరిగా ప్రయాణించే స్త్రీలు చాలామంది అక్కడే కూర్చోవడానికి ఇష్టపడతారు, ఎదురుగా సిబ్బంది ఉంటారు కాబట్టి. ఊరి గురించి అడిగి తెలుసుకోవడానికి కూడా ఆ కౌంటర్ వెనక మనిషిని మించినవారు లేరు. మామూలు నీళ్లకు డబ్బు తీసుకోరు, ఐస్ వద్దంటే వేయరు. మద్యం తీసుకునేవారు వయసు రుజువుగా పాస్‌పోర్టు చూపవలసి రావచ్చు.

బిల్లు పద్ధతి మొదటిసారి వింతగా ఉంటుంది. వెయిటర్ బిల్లు తెచ్చి, కార్డు తీసుకెళ్లి, రెండు చీటీలతో తిరిగివస్తాడు. ఒకటి మీది, ఒకటి వాళ్లది. వాళ్ల చీటీ మీద టిప్పు, మొత్తం అని రెండు ఖాళీ గీతలు ఉంటాయి. భోజనం 40 డాలర్లు అనుకుందాం. నగర మధ్యభాగంలో పన్ను దాదాపు 11 శాతం పైన ఉంటుంది కాబట్టి సుమారు 4 డాలర్ల 70 సెంట్లు కలుస్తాయి. టిప్పును పన్ను కలపక ముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం లెక్కించాలి. 20 శాతమైతే 8 డాలర్లు. అన్నీ కలిపి 52 డాలర్ల 70 సెంట్లు రాసి సంతకం పెట్టి, వాళ్ల చీటీ అక్కడే వదిలి మీది తీసుకుని రావాలి. అక్కడ టిప్పు దయతో ఇచ్చేది కాదు, వడ్డించేవారి సంపాదనలో పెద్ద భాగం అదే. దాన్ని తగ్గించి పొదుపు చేయాలనుకోకండి, పొదుపే కావాలంటే మధ్యాహ్నం తినండి, అవే వంటలు చౌకగా వస్తాయి. ఎక్కువమంది కలిసి వెళ్తే టిప్పును ముందే కలిపేసి ఉండవచ్చు, రెండోసారి రాయకుండా బిల్లు చదవండి. కౌంటర్ దగ్గర కాఫీ కొన్నప్పుడు తెర మీద టిప్పు ఎంత అని కనిపించే ప్రశ్నకు జవాబు మాత్రం మీ ఇష్టం. మిగిలినది పారేయకుండా డబ్బాలో పెట్టి ఇమ్మని అడగడం అక్కడ మర్యాద తక్కువ కాదు.

ఎనిమిదో అడుగు: అరపూట దొరికితే

పడవ యాత్ర కన్నా మంచి ఎంపిక లేదు. వసంతం నుంచి నవంబరు దాకా మిషిగన్ అవెన్యూ వంతెన దగ్గర నుంచి షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ వారి పడవలు బయలుదేరతాయి. గంటన్నరసేపు నది మీద తిప్పుతూ శిక్షణ పొందిన మార్గదర్శకులు ఒక్కొక్క భవనం గురించి చెబుతారు. 1871 అగ్నిప్రమాదంలో మధ్యభాగం కాలిపోయిన ఊరు ఇలా ఆకాశంలోకి ఎలా లేచిందో అప్పుడు అర్థమవుతుంది. 110 అంతస్తుల విల్లిస్ టవర్ కనిపించినప్పుడు, దాని నిర్మాణాన్ని రూపొందించిన ఇంజినీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ అని గుర్తుచేసుకోండి. గొట్టాల కట్టలాగా భవనాన్ని నిలబెట్టే ఆయన పద్ధతితోనే అంత ఎత్తు సాధ్యమైంది.

చలికాలంలో పడవకు బదులు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళల మ్యూజియానికి వెళ్లండి. గురువారం రాత్రి 8 దాకా తెరిచి ఉంటుంది కాబట్టి పని ముగించుకుని వెళ్లవచ్చు. వారంలో కొన్ని రోజులు సెలవు ఉంటుంది, వెళ్లే ముందు చూసుకోవాలి. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానంద సర్వమత మహాసభలో మాట్లాడింది ఈ భవనంలోనే. ముందున్న వీధి భాగానికి ఆయన పేరు పెట్టారు. వాషింగ్టన్ స్ట్రీట్ మూలన ఉన్న కల్చరల్ సెంటర్‌లో టిఫనీ సంస్థ చేసిన రంగుల గాజు గోపురం ఉచితంగా చూడవచ్చు.

వారాంతం కలిసివస్తే, యూనియన్ స్టేషన్ నుంచి మెట్రా రైల్లో అరోరాకు వెళ్లి, అక్కడి నుంచి కారులో బాలాజీ ఆలయానికి వెళ్లి రావచ్చు.

తొమ్మిదో అడుగు: జాగ్రత్తలు, తిరుగు ప్రయాణం

రాత్రి పదింటి తర్వాత రైలు ఖాళీగా ఉంటే జనం ఉన్న పెట్టెలో ఎక్కండి, లేదా కారు పిలుచుకోండి. ఏ వీధిలో రాత్రి నడవవచ్చో హోటల్ రిసెప్షన్‌లో అడిగితే నిజం చెబుతారు. జనవరిలో గాలికి సరస్సు పక్కన నిలబడడం కష్టం. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు లేకుండా బయలుదేరవద్దు. లూప్‌లో కొన్ని భవనాలను నేలకింద కలిపే పెడ్‌వే దారి అప్పుడు పనికొస్తుంది.

తిరుగు ప్రయాణంలో ఇంటికి తీసుకెళ్లడానికి గారెట్ పాప్‌కార్న్ డబ్బా తేలిక. కారమెల్, చీజ్ కలిపినది అడగండి, చేతి పెట్టెలో పెట్టుకోవచ్చు. ఓహేర్‌కు వెళ్లేటప్పుడు బ్లూ లైన్‌లో ఆ అదనపు ఛార్జీ ఉండదు. రైలు దిగాక, అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా బయలుదేరే టెర్మినల్ 5కు విమానాశ్రయంలో నడిచే చిన్న రైలు మారాలి, దానికి మరో ఇరవై నిమిషాలు కలుపుకోండి. బిల్లులన్నీ ఆ ఎదురుచూపులోనే ఫోటో తీసి ఆఫీసు ఖర్చుల పద్దులో వేసేస్తే, ఇల్లు చేరాక వాటి కోసం వెతుక్కునే పని ఉండదు.